పిన్ని చెప్పిన సెకండాఫ్‌లు

మా వీధి చివరి బేకరీలో బట్టీ దగ్గర పనిచేసే బాబాయ్‌ని ఏ సినిమా గురించైనా అడగొచ్చు. బాగుందో లేదో మొహమాటం లేకుండా చెప్పేసేవాడు. కాకపోతే ఇంటర్వెల్ దాకానే అది ఆయన సొంత అభిప్రాయం. ఆ తర్వాత ఏమైందని అడిగితే గొంతు సవరించుకుని, "మీ పిన్ని చెప్పిన ప్రకారం..." అని మొదలుపెట్టేవాడు.

ఇందులో ఆయన తప్పేం లేదు. ఊరు మంచి నిద్రలో ఉండగానే బేకరీలో పిండి కలపడం మొదలవుతుంది. తెల్లారేసరికి బన్నులు, ఆ వెనకాల బ్రెడ్డు, ఎండెక్కేసరికి బిస్కెట్లు. బట్టీ నోటి ముందు నిలబడి పొడుగాటి కర్రతో ట్రేలు లోపలికి తోస్తూ బయటికి లాగుతూ ఉండే మనిషికి మధ్యాహ్నం భోజనం కాగానే కళ్ళు వాటంతటవే మూతపడతాయి. సెలవు రోజున కూడా అంతే. ఈవాళ సెలవని ఒంటికి ఎవరు చెప్తారు? మ్యాట్నీలో ఇంటర్వెల్ అయిపోయి, లైట్లు ఆరి, పాప్‌కార్న్ పొట్లాల చప్పుడు సద్దుమణిగే వేళా, ఆయన రోజూ మంచం మీద ఒరిగే వేళా ఒక్కటే. హీరో మళ్ళీ పాట ఎత్తుకునేలోపు బాబాయ్ తల పిన్ని భుజం మీద వాలిపోయేది.

"గురక పెట్టరు, అదొక్కటే నయం," అనేది పిన్ని.

పిన్ని లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఆసుపత్రి దుప్పట్లు, హోటళ్ళ యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు. బట్ట మీద ముడత చూసి ఆ మనిషి ఎలా కూర్చున్నాడో, ఏ పక్కకి తిరిగి పడుకున్నాడో చెప్పేసేది. సినిమా కూడా ఆ కంటితోనే చూసేది. "జైలు గోడ దూకాడట, అడవిలో పడ్డాడట, ఏరు ఈదుకుంటూ వచ్చాడట. చొక్కా చేతి మీద ఇస్త్రీ మడత మాత్రం కత్తిలా నిలబడుంది! ఆ ఏటి నీళ్ళలో గంజి కలిపారు కాబోలు," అని నవ్వేది. బాబాయ్‌ది ఇంకో రకం. తెర మీద ఎవరైనా వంటింట్లోకి వెళ్తే చాలు, సీట్లో ముందుకి వంగేవాడు. "ఆ అమ్మాయి పిండిని గిల్లుతోందే! అరచెయ్యి దించాలి, అరచెయ్యి!" వెనక సీటు వాళ్ళు ఉష్ అనేదాకా ఆ అమ్మాయికి పాఠం చెప్తూనే ఉండేవాడు.

హాలు నుంచి ఇంటికి నడిచొచ్చే దారిలో పిన్ని సెకండాఫ్ చెప్పేది. మందుల షాపు దగ్గర మొదలయ్యేది. సైకిళ్ళ షాపు దాటేసరికి విలన్ దొరికిపోయేవాడు. మా మెట్ల దగ్గరికి వచ్చేసరికి శుభం కార్డు. వాళ్ళది కింది వాటా, నాది పైన ఒంటి గది. అప్పుడు బాబాయ్ గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఓ క్షణం ఆలోచించి తీర్పు ఇచ్చేవాడు. "బాగా తీశాడు" అంటే నచ్చినట్టు. నచ్చకపోతే, "పిండి బాగానే కలిపాడు గాని పొంగనివ్వలేదు" అనేవాడు. ఇంతకన్నా ఎక్కువ విమర్శ ఆయన నోట నేను వినలేదు.

మర్నాడు ఆ తీర్పు బేకరీకి వెళ్ళేది. అక్కడ బిస్కెట్లు చేసే ఒక నడివయసాయన ఉన్నాడు. అతన్ని అందరూ బిస్కెట్ అనే పిలుస్తారు. అతనికీ సినిమా పిచ్చే, కాకపోతే అతను వెళ్ళేది ఊరికి అటు చివర ఉన్న హాలుకి. నేను బ్రెడ్డు కోసం వెళ్ళినప్పుడు వీళ్ళిద్దరి గొడవ ఎన్నిసార్లు విన్నానో.

"లారీ సినిమా చూశావా బాబాయ్? ఏడిపించేశాడు కదా!"

"ఏడవడానికేముందిరా అందులో? ఆపరేషన్ అయ్యాక తమ్ముడు లేచి కూర్చున్నాడుగా."

"ఎక్కడ లేచాడు? పోయాడు! అన్నే లారీ నడుపుకుంటూ తీసుకెళ్ళాడు వాణ్ణి, అదే లారీలో..."

"ఏం తాగి చూశావురా నువ్వు? మీ పిన్ని కళ్ళారా చూసింది. చివర్లో అన్నదమ్ములిద్దరూ కలిసి లారీకి రంగు వేసుకుంటారు."

"ఎవరూ ఏ రంగూ వేసుకోలేదు బాబాయ్!"

"బస్సు దొరకదని ముందే లేచి వచ్చేసుంటావు. పూర్తిగా చూసి మాట్లాడు."

సినిమా పూర్తిగా చూడమని బాబాయ్ ఇంకొకళ్ళకి చెప్పడం! పిండి కలిపేవాళ్ళు కూడా చేతులు ఆపి నవ్వేవాళ్ళు. ఇలా ప్రతి సినిమాకీ అయ్యేసరికి చివరికి వాళ్ళంతా ఒక మాటకొచ్చారు. బాబాయ్ వాళ్ళ హాలుకి వేరే ప్రింటు వస్తుందని. "మీ ప్రింటులో ఎవరూ చావరు బాబాయ్, అదృష్టవంతులు," అనేవాడు బిస్కెట్. తమాషా ఏమిటంటే, అందరికన్నా గట్టిగా ఆ మాట నమ్మింది బాబాయే. "ఒక్కో హాలుకి ఒక్కోలా పంపిస్తారేమో. మనకేం తెలుసు," అన్నాడు నాతో ఒకసారి.

ఇంకో సంగతి. సినిమా అయిపోయి లైట్లు వెలిగి, బాబాయ్ కళ్ళు నులుముకుని చూసేసరికి పిన్ని ముక్కు ఎర్రగా ఉండేది. రుమాలు తడిగా ఉండేది. "ఈ హాల్లో ఏసీ నాకు పడదండీ," అనేది. కొన్నాళ్ళు ఊరుకున్నాడు. ఒకరోజు తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్ళాడు.

"మీ ఏసీ కాస్త తగ్గించాలండీ. మా ఆవిడకి వచ్చిన ప్రతిసారీ జలుబు చేస్తోంది."

"ఏసీ పాడై చాలా రోజులైందండీ. ఫ్యాన్లే తిరుగుతున్నాయి."

"అయితే ఆ ఫ్యాన్లు తగ్గించండి," అన్నాడట బాబాయ్.

ఈ కథ పిన్ని నాకు చెప్పినప్పుడు నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఆ నవ్వు మధ్యలోనే ఆయాసం వచ్చి మంచం అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

ఆయాసం అప్పటికే మొదలైంది. ముందు లాండ్రీలో నిలబడలేకపోయింది. తర్వాత హాలు మెట్లు ఎక్కలేకపోయింది. తర్వాత వీధి చివరిదాకా కూడా నడవలేకపోయింది. పెద్ద డాక్టరు చూసి, బాబాయ్‌ని ఒక్కణ్ణే వరండాలోకి పిలిచి చెప్పాడు. గుండె బాగా అలిసిపోయింది. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు. ఇంట్లోనే ఉంచుకోండి, ఇష్టమైనవి చేసిపెట్టండి. బాబాయ్ లోపలికొచ్చి పిన్నితో, "బలానికి మందులు రాశాడు. చలికాలం పోతే సర్దుకుంటుందట," అన్నాడు.

అసలు సంగతి నాకు మెట్ల దగ్గర చెప్పాడు. మెట్ల పక్క కడ్డీ పట్టుకుని, ఎక్కేవాడిలా ఓ కాలు పైమెట్టు మీద పెట్టి, ఎక్కకుండా అలాగే నిలబడిపోయాడు. "దానికి మాత్రం చెప్పకమ్మా," అన్నాడు. నేను చెప్పలేదు.

సినిమాలు ఆగిపోతాయనుకున్నాను. ఆపనివ్వలేదు పిన్ని.

"ఎన్నేళ్ళ నుంచీ నేను మీకు చెప్తున్నాను? ఇప్పుడు మీరు చూసొచ్చి నాకు చెప్పండి."

"నేనా? నాకు ఇంటర్వెల్ దాకేగా..."

"మెలకువగా ఉండండి. నేను ఉండలా?"

అలా సెలవు రోజు మధ్యాహ్నం ఆయన ఒక్కడే హాలుకి వెళ్ళడం, నేను కర్టెన్ల కుట్టుపని పట్టుకుని కిందికి దిగి పిన్ని దగ్గర కూర్చోవడం అలవాటైంది. ఓ షాపువాళ్ళు తెచ్చిచ్చే కర్టెన్లకి అంచులు కుట్టడం నా పని. పిన్ని దిండ్లకి ఆనుకుని నా కుట్టు చూస్తూ, వంకర పోయినచోట నాలుక చప్పరించేది.

మొదటిసారి ఆయన చూసొచ్చింది ఇద్దరు అన్నదమ్ములు ఒకే షాపు కోసం కొట్టుకునే సినిమా. ఇంటర్వెల్ దాకా బ్రహ్మాండంగా చెప్పాడు. పెద్ద కోడలు పంతం పట్టి షాపు మధ్యలో గోడ కట్టించడం, ఉన్న ఒక్క తూకం కాటాని రోజు మార్చి రోజు వాడుకోవడం, వాళ్ళమ్మ గోడకి అటొకసారి ఇటొకసారి తిరిగి ఇద్దరికీ భోజనం పెట్టడం, అన్నీ నటించి చూపించాడు.

"మరి తర్వాత?" అంది పిన్ని.

"తర్వాతా... గోడ పడగొట్టేశారు."

"ఎందుకూ?"

"ఎందుకేంటి. బుద్ధొచ్చింది."

"ఎవరికీ?"

"ఇద్దరికీ. ఒకేసారి."

"ఆ పెద్ద కోడలు ఊరికే ఒప్పుకుందా?"

"ఆవిడే కదా భోజనం వడ్డించింది! అందరూ కూర్చుని తిన్నారు. అయిపోయింది."

పిన్ని ఆయన ఎడమ చెంప కేసి చూసింది. కణత నుంచి గడ్డం దాకా ఎర్రటి గీత ఒకటి పడి ఉంది. తల ఆన్చుకోవడానికి ఇప్పుడు పక్కన భుజం లేదు కదా, సీటు అంచుకి ఆనుకుని పడుకున్నాడు. రెక్సిన్ చుట్టూ కుట్టిన దళసరి అంచు చెంప మీద అచ్చు గుద్దింది.

"బాగా తీశాడు," అంది పిన్ని పెదవి కొరుక్కుంటూ.

ఆ తర్వాత దెయ్యం సినిమా. అందులో దెయ్యం కూడా చివర్లో మంచిదైపోయి భోజనానికి కూర్చుంది. ఆ తర్వాత పోలీసు సినిమా. దొంగా పోలీసూ ఒకే బల్ల దగ్గర. ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళగానే పిన్ని నా చెవిలో, "ఈమధ్య డైరెక్టర్లందరికీ ఆకలి ఎక్కువైందమ్మాయ్," అంది. చెంప గీత సంగతి కూడా అప్పుడే చెప్పింది. ముడతలు చదివే మనిషి దగ్గరికి ముఖాన ముడత వేసుకుని వచ్చి అబద్ధం చెప్పే అమాయకుడు ఆయన.

ఒక మధ్యాహ్నం, ఆయన హాలుకి వెళ్ళాక, ఉండబట్టలేక అడిగేశాను. "పిన్నీ, లారీ సినిమా నేనూ చూశాను. తమ్ముడు పోయాడు కదా."

పిన్ని దుప్పటి అంచుని వేళ్ళతో సాఫు చేసింది.

"మాకో పాప ఉండేదమ్మా. నీకు తెలీదు. మేమీ ఇంటికి రాకముందు సంగతి. అప్పుడప్పుడే స్కూలుకి వెళ్తోంది. జ్వరం వచ్చింది, పోయింది. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. తిట్టుకోవడం కూడా లేదు. ఒకే గదిలో ఒకళ్ళ కాళ్ళకి ఒకళ్ళం అడ్డం పడుతూ తిరిగేవాళ్ళం, అంతే. మా లాండ్రీ ఓనరుగారి భార్య చూడలేక రెండు టిక్కెట్లు చేతిలో పెట్టి, వెళ్ళి రండమ్మా, నవ్వుల సినిమా అంది. నవ్వులే. ఇంటర్వెల్ దాకా. అందులో ఓ పాప అల్లరికి ఈయన ఒకచోట పైకే నవ్వాడు. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని. తర్వాత నిద్రపోయాడు."

"తర్వాత?"

"తర్వాత ఆ సినిమాలో పాపకి జ్వరం వచ్చింది."

నా చేతిలో సూది ఆగిపోయింది.

"లేచి వెళ్ళిపోదామంటే వీల్లేదు. ఈయన తల నా భుజం మీద ఉంది. కదిలితే లేస్తాడు. లేస్తే చూస్తాడు. అలాగే కూర్చున్నాను. అంతా చూశాను. లైట్లు వెలిగాక లేచి, ఆ పాపకి ఏమైందే అన్నాడు. ఏం కాలేదు, స్కూలుకి వెళ్తోంది అన్నాను. ఆ మొహం చూడాల్సింది నువ్వు. 'బాగా తీశాడు' అన్నాడు. ఇంటికెళ్ళేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. అప్పట్నుంచీ ఇంక నా నోట ఎవర్నీ చంపలేదమ్మా."

"అన్నీ నువ్వొక్కదానివే చూశావా?"

"అలవాటైపోయింది. ఇప్పుడే భయమేస్తోంది." కిటికీ కేసి చూస్తూ అంది. "డాక్టరు ఈయనతో ఏదో చెప్పాడు. నాకు తెలీదనుకుంటున్నారు మీరిద్దరూ. నా ఒళ్ళు నాకు తెలీదూ? పోవడానికి భయం లేదు. ఇది కూడా ఒక్కదాన్నే చూడాలేమోనని. ఈయన నా పక్కనే ఉంటాడు. చలికాలం పోతే సర్దుకుంటుందే అంటూనే ఉంటాడు. ఒక్కసారి కళ్ళు తెరిచి నాతో కూర్చుంటే బావుండు."

"నువ్వే అడగొచ్చు కదా పిన్నీ. నాకు తెలుసు అని చెప్పొచ్చు కదా."

"ఇన్నేళ్ళూ నిద్రపుచ్చింది నేనే కదమ్మా. ఏ మొహం పెట్టుకుని లేపను?"

బాబాయ్‌కి నేను చెప్పనా అని అనలేకపోయాను. అది నేను కుట్టే కర్టెన్ కాదు, వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టడానికి.

చలికాలం పోయింది. ఏమీ సర్దుకోలేదు. పిన్ని కాళ్ళు వాచాయి, దిండ్లు ఎక్కువయ్యాయి. అప్పుడే పోస్ట్‌మ్యాన్ సినిమా వచ్చింది. వాల్‌పోస్టర్ మీద సైకిలు, వెనక సీటు మీద నవ్వుతూ భార్య. సరదా సినిమా అనుకుని వెళ్ళాడు బాబాయ్.

ఆ సాయంత్రం ఆయన రావడం ఆలస్యమైంది. వచ్చినవాడు తిన్నగా గదిలోకి రాలేదు. పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినబడింది. తర్వాత తడి ముఖం చొక్కా చేత్తో తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఊఁ, చెప్పండి," అంది పిన్ని.

చెప్పాడు. పోస్ట్‌మ్యాన్ సైకిలు మీద ఊరూరూ తిరుగుతాడు. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో ఇంటికొచ్చి భార్యకి చెప్తాడు. భార్యకి ఆయాసం. ఇంటర్వెల్ ముందు ఆవిడ బావి దగ్గర కూలబడుతుంది. ఈసారి ఏదీ నటించి చూపించలేదు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని చెప్పుకుపోయాడు.

"తర్వాత?"

"తర్వాత తగ్గిపోయింది. కొండ మీద ఊరుకి తీసుకెళ్ళాడు. అక్కడ గాలి మంచిది."

"భోజనం చేశారా?"

"ఆఁ. చేశారు."

"ఇటు రండి," అంది పిన్ని. "దగ్గరికి. లైటు వైపు తిరగండి."

ఆయన వంగాడు. పిన్ని బొటనవేలితో ఆయన ఎడమ చెంప మీద కణత నుంచి గడ్డం దాకా రాసి చూసింది, ఇస్త్రీ అయిన గుడ్డ మీద చెయ్యి రాసి చూసినట్టు. తర్వాత కుడి చెంప.

"గీత లేదు," అంది. "మీరు నిద్రపోలేదు."

నేను లేవబోయాను. పిన్ని చెయ్యెత్తి కూర్చోమంది.

బాబాయ్ మళ్ళీ స్టూలు మీద కూర్చోలేదు. మంచం పక్కన నేల మీదే చతికిలపడ్డాడు. "నిద్ర రాలేదే," అన్నాడు. "ఆవిడ అచ్చం నీలాగే మంచం అంచు పట్టుకుని లేస్తోంది. ఎలా నిద్రపోను?" మళ్ళీ, "హాలంతా ఏడుస్తున్నారే. నాకు తెలీదు, హాల్లో అలా ఏడుస్తారని. పక్క సీటాయన మీసాలు తడిసిపోయాయి. లైట్లు వేశాక చూస్తే అందరి ముక్కులూ ఎర్రగా..." అంటూ ఆగిపోయాడు. ఆయన ముఖంలోకి ఆ మాట మెల్లిగా ఎక్కడం నేను చూశాను. "నేనేమో మేనేజర్ దగ్గరికెళ్ళి ఫ్యాన్లు తగ్గించమన్నాను."

"అన్నారు," అంది పిన్ని.

"లారీ సినిమాలో తమ్ముడు?"

"పోయాడండీ."

"మనం మొదట చూసిన ఆ నవ్వుల సినిమాలో... స్కూలుకి వెళ్తోందన్నావు, ఆ పాప?"

పిన్ని తల అడ్డంగా ఊపింది.

ఆయన నేల మీదే మంచం కోడుకి తల ఆనించాడు. "అన్నీ ఒక్కదానివే చూశావా?" అన్నాడు.

"మీరు పక్కనే ఉన్నారుగా."

"ఉండి ఏం లాభం."

"భుజం బరువుగా ఉండేది. అదో ధైర్యం," అంది పిన్ని. "సరే, ఇప్పుడు సరిగ్గా చెప్పండి. కొండలూ గాలులూ వద్దు. ఏం జరిగిందో అదే చెప్పండి."

చెప్పాడు. బతుకులో మొదటిసారి బాబాయ్ సెకండాఫ్ చెప్పాడు. పోస్ట్‌మ్యాన్ భార్యకి అబద్ధం చెప్తాడని, ఆవిడకి ముందే తెలుసని, ఆ అబద్ధం కోసమే ఆవిడ ఓపిక తెచ్చుకుని నవ్వుతూ తిరిగేదని. మధ్య మధ్యలో పిన్ని అడ్డొస్తూనే ఉంది. అన్ని రోజులు మంచం మీద ఉన్న మనిషికి అంత తెల్లటి దుప్పటా? రోజూ ఎవరు మారుస్తున్నారట? పోయే ముందు అంతసేపు మాట్లాడనిచ్చాడా ఆవిణ్ణి? ఊపిరి ఎక్కడిది? ఆ డైరెక్టరు ఎప్పుడూ ఆయాసం చూసినవాడు కాదు.

"పోయాక, పొద్దున్నే అతను టీ పెట్టి..." అని బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"రెండు కప్పుల్లో పోశాడా?"

"నీకెలా తెలుసు?"

"ప్రతి సినిమాలోనూ పోస్తారండీ. ఇంకోటి తోచదు వీళ్ళకి." పిన్ని నవ్వబోయి ఆయాసపడింది. తేరుకున్నాక, "డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది.

"సినిమాలో డాక్టరా?"

"ఏ డాక్టరైనా."

నేను కర్టెన్ గుడ్డలోకి తల దించుకున్నాను. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. బాబాయ్ పిన్ని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చెప్పాడు. గుండె అలిసిపోయిందన్నాడు. కొంతకాలమేనన్నాడు. ఎంతకాలమో చెప్పలేనన్నాడు. వరండాలో డాక్టరు వాడిన మాటలే, ఒక్కటి మార్చకుండా, వరసగా.

పిన్ని విని తల ఊపింది. "చలికాలం సంగతి?"

"అది నేను కల్పించాను."

"అనుకున్నాను. అతకలేదు," అంది. ఆయన జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి అలాగే ఉంచింది. "టీ పెట్టండి. అమ్మాయికి కూడా."

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు పెరిగాయి. పాప గురించి మాట్లాడుకునేవాళ్ళు. మేడ మీదికి వినబడేది. పాప బన్ను పైభాగం మాత్రమే కొరికి మిగతాది వాళ్ళ నాన్న జేబులో పెట్టేదట. పిన్ని ఇంకా వేరే సంగతులు చెప్పింది ఆయనకి. దుప్పటి నాలుగు మూలలూ పట్టి ఒక్కడే ఎలా మడవాలో, తను పోయాక లాండ్రీ వాళ్ళకి ఎవరు కబురు చెప్పాలో, తనకి ఏ బట్టలు కట్టాలో. ఆయన వింటూ ఒక్కోసారి లేచి పెరట్లోకి వెళ్ళేవాడు. మళ్ళీ వచ్చి, "ఊఁ, చెప్పు," అనేవాడు.

ఒకరోజు, బేకరీలో తొలి ట్రేలు బయటికి వచ్చే వేళకి పిన్ని పోయింది. బాబాయ్ మెలకువగానే ఉన్నాడు. వచ్చిన వాళ్ళందరితోనూ ఆ ఒక్క మాటే చెప్పాడు. మెలకువగానే ఉన్నానండీ, అని.

ఇప్పుడు కూడా సెలవు రోజున హాలుకి వెళ్తాడు. నిద్ర రావట్లేదట. శుభం కార్డు దాకా చూసి, ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ నేను కనిపిస్తే చెప్తాడు. తీర్పులు పెద్దవయ్యాయి. కథ మొత్తం తెలుసు కదా ఇప్పుడు. "ఏడుపు బాగానే పెట్టాడు గాని, మరీ వేడి ఎక్కువ చేశాడమ్మా. పైన మాడింది, లోపల పచ్చి," అన్నాడు ఒకదాని గురించి. ఇంకోసారి, నేనేమీ అడగకుండానే, "ఆ పోస్ట్‌మ్యాన్ సినిమా తప్పమ్మా," అన్నాడు. "రెండు కప్పుల్లో పోయాలంటే మనిషి పోయిందని మర్చిపోవాలి కదా. ఒక్క నిమిషమైనా. నాకు ఆ ఒక్క నిమిషం దొరకట్లేదు. గిన్నెలో నీళ్ళు పోసేటప్పుడే చెయ్యి ఒక కప్పు దగ్గర ఆగిపోతోంది."

మొన్న బ్రెడ్డుకి వెళ్తే బాబాయ్ బట్టీ దగ్గర నిలబడి బిస్కెట్‌కి సినిమా చెప్తున్నాడు. పడవ నడిపే మొగుడూ పెళ్ళాల కథ. నేనూ చూశాను దాన్ని, అటు చివరి హాల్లోనే. బిస్కెట్ నా ముందు వరసలో కూర్చుని భోరుమన్నాడు.

"చివర్లో ఆవిడ పోతుందిరా," అన్నాడు బాబాయ్, ట్రే బయటికి లాగుతూ. "వరదలో."

బిస్కెట్ పిండి ముద్ద మీద నుంచి తలెత్తలేదు. "లేదు బాబాయ్. మా హాల్లో పోలేదు," అన్నాడు.

పిండి కలిపేవాళ్ళ చేతులు ఆగాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పోలేదా?"

"ఊహూఁ. మా ప్రింటులో ఒడ్డుకొచ్చేసింది. చివర్లో ఇద్దరూ కలిసి పడవకి రంగు వేసుకున్నారు."

బాబాయ్ కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బట్టీ వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది. బిస్కెట్‌ని చూశాడు, నన్ను చూశాడు. ట్రే మీద బ్రెడ్డు వేడికి చిటపటలాడుతోంది.

"ఏం రంగు?" అని అడిగాడు.

"నీలం."

"బాగా తీశాడు," అన్నాడు బాబాయ్, ఇంకో ట్రే లోపలికి తోస్తూ.